లిమాలో లార్కో మ్యూజియం: ఇంటి దగ్గర తయారీ నుంచి డిపో గది దాకా

పెరూలోని మాచు పిచ్చు వెళ్లేవాళ్లకి దారిలో రాజధాని లిమా తగులుతుంది. అక్కడ ఒక పూట దొరికితే ఏ మ్యూజియం చూడాలి, ఎలా చూడాలి అని చాలామంది అడుగుతున్నారు. అందులో సగం మంది అప్పటికే ఏదో ఒకటి చూసొచ్చినవాళ్లు. "కుండలు, కుండలు, ఇంకా కుండలు. అన్నీ ఒకలాగే ఉన్నాయి" అన్నది వాళ్ల ఫిర్యాదు.

ఒక్క పూటే ఉంటే లార్కో మ్యూజియానికి వెళ్లండి. పుయెబ్లో లిబ్రె అనే పేటలో, 18వ శతాబ్దపు పాత భవనంలో ఉంటుంది. సంగ్రహంలో దాదాపు 45 వేల వస్తువులు ఉన్నాయి. వాటి డిపో గదులు, అంటే గ్యాలరీలో పెట్టని వస్తువులు భద్రపరిచే గదులు కూడా, సందర్శకులకు తెరిచే ఉంటాయి. ఈ రెండో సంగతి వల్లే చూసే పద్ధతి మారుతుంది: గ్యాలరీలో నేర్చుకోవాలి, డిపోలో పరీక్ష రాసుకోవాలి. కింద చెప్పిన క్రమమంతా దీనికోసమే.

## 1. ప్రయాణంలో ఏ రోజు పెట్టుకోవాలి

లిమాలో దిగిన మర్నాడు, మాచు పిచ్చు దారిలోని కొండ పట్టణం కుస్కో వెళ్లకముందు. చాలామంది తిరుగుప్రయాణంలో చివరి రోజుకి పెట్టుకుంటారు. అప్పటికి కాళ్లు అరిగి ఉంటాయి, కళ్లు రాళ్లూ గోడలూ చూసి అలిసిపోయి ఉంటాయి. పైగా ముందు ఇక్కడ చూసి వెళ్తే, ఇంకాలు (స్పానిష్‌వాళ్లు రాకముందు ఇక్కడ చివరగా ఏలినవాళ్లు) కొండమీద ఏం కట్టారో, వాళ్లకంటే ముందున్నవాళ్లు తీరంలో ఏం చేశారో తేడా తెలుస్తుంది.

లిమా సముద్రమట్టంలో ఉంది. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తు. ఎత్తుకి అలవాటు పడని తలనొప్పితో మ్యూజియం చూడటం శిక్షే.

భారత కాలమానానికి లిమా పదిన్నర గంటలు వెనక. ఇండియా నుంచి నేరుగా వచ్చినవాళ్లకి మధ్యాహ్నం మూడు దాటితే నిద్ర ముంచుకొస్తుంది. కాబట్టి ఉదయం తలుపులు తెరిచే వేళకే చేరుకోండి. అమెరికా తూర్పు తీరం నుంచి వెళ్లేవాళ్లకి ఈ బాధ లేదు, ఎప్పుడైనా వెళ్లొచ్చు.

మూడు గంటలు కేటాయించండి. రెండు గంటలైతే హడావిడి. నాలుగు దాటితే బుర్రకెక్కదు.

## 2. ఇంటి దగ్గర పూర్తి చేయాల్సినవి

కాగితాల సంగతి ముందు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా లేదా షెంగెన్ వీసా ఉండి, దానికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉంటే పర్యాటకానికి పెరూ వీసా అక్కర్లేదు. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కనుక టికెట్ కొనేముందు పెరూ కాన్సులేట్ పేజీ ఒకసారి చూడండి.

ఎక్కువమంది మర్చిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. పెరూ నుంచి ఆరు రోజుల లోపల ఇండియాలో దిగేవాళ్లని ఆ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి చివరి వారంలో పరిగెత్తితే లాభం లేదు.

బయల్దేరే ముందు సరిచూసుకోండి:

- వీసా లేదా మినహాయింపు పత్రాలు, పాస్‌పోర్టు గడువు
- ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ (తిరిగి ఇండియాకి వచ్చేవాళ్లు)
- మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ వారం తెరిచే వేళలు, టికెట్ ధర
- ఫోన్‌లో లిమా ఆఫ్‌లైన్ మ్యాపు, అనువాద యాప్‌లో స్పానిష్ డౌన్‌లోడ్
- కొద్దిగా పెరూ నగదు (సోల్), చిన్న నోట్లు
- పలచటి స్వెటర్. జూన్ నుంచి సెప్టెంబరు దాకా లిమా ఆకాశం బూడిదరంగులో ఉంటుంది, మంచులాంటి సన్నటి తుంపర పడుతుంది
- చిన్న నోటుబుక్కు, పెన్సిలు

నోటుబుక్కు ఎందుకో అయిదో భాగంలో చెబుతాను.

## 3. తారీఖులు బుర్రలో పెట్టుకోవడం

ఈ పని చేయకుండా వెళ్లినవాళ్లే "అన్నీ ఇంకాలవే కదా" అంటారు. ఇంకా సామ్రాజ్యం నిలిచింది సుమారు వందేళ్లు. 1532లో స్పానిష్ సైన్యం కాహమార్కా పట్టణం చేరాక కూలిపోయింది. మీరు చూడబోయే వాటిలో అధిక భాగం అంతకు వందల ఏళ్ల నుంచి వేల ఏళ్ల ముందువి.

పెరూ పాత నాగరికతల పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. మన తారీఖుల పక్కన పెట్టుకుంటే ఎనిమిది పేర్లు చాలు:

- కుపిస్నికె: క్రీ.పూ. 1500–500 ప్రాంతం. ఉత్తర తీరం. బుద్ధుడికి ముందే మొదలైంది.
- పరాకస్: క్రీ.పూ. 800–100 ప్రాంతం. దక్షిణ తీరం. వీళ్ల ప్రాణం బట్టలో ఉంది.
- నాస్కా: క్రీ.శ. తొలి ఏడెనిమిది శతాబ్దాలు. దక్షిణ తీరం.
- మోచె: క్రీ.శ. 100–800 ప్రాంతం. ఉత్తర తీరం. మన చివరి శాతవాహనుల నుంచి తొలి తూర్పు చాళుక్యుల దాకా వచ్చే కాలం. మ్యూజియంలో ఎక్కువ సమయం వీళ్లతోనే గడుస్తుంది.
- వారి: 600–1000 ప్రాంతం. కొండ ప్రాంతం నుంచి తీరానికి విస్తరించారు.
- చిమూ: 900–1470 ప్రాంతం. ఓరుగల్లులో కాకతీయులు ఏలుతున్నప్పుడు ఉత్తర తీరాన వీళ్లున్నారు.
- చాన్‌కాయ్: 1000–1470 ప్రాంతం. లిమాకి కాస్త ఉత్తరాన.
- ఇంకా: 15వ శతాబ్దం మొదలు 1532 దాకా. కృష్ణదేవరాయలు 1529లో పోయారు. ఆ కాలపువాళ్లే.

దీన్ని ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. గ్యాలరీలో లేబుల్ మీద "మోచె" కనబడగానే కాగితం తీసి చూసినా సిగ్గేమీ లేదు.

## 4. చేరుకోవడం, లోపలికి వెళ్లడం

ఊబర్, కాబిఫై లాంటి యాప్ టాక్సీలు వాడండి. రోడ్డు మీద చెయ్యెత్తి ఆపిన టాక్సీకి మీటరు ఉండదు, ఎక్కేముందే బేరం కుదుర్చుకోవాలి. కొత్తవాళ్లకి ఆ గొడవ అనవసరం. చిరునామా అవెనీదా బొలీవార్ 1515, పుయెబ్లో లిబ్రె. ఎక్కువమంది బస చేసే మీరాఫ్లోరెస్ నుంచి అరగంట దారి, రద్దీలో గంట. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య లిమా ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా చూసుకోండి.

లిమాలో విమానం మారేవాళ్లు కూడా అడుగుతున్నారు. మీరాఫ్లోరెస్‌తో పోలిస్తే ఈ మ్యూజియమే విమానాశ్రయానికి దగ్గర. అయినా చేతిలో ఎనిమిది గంటలు లేకపోతే బయటికి రాకండి.

లోపలికి వెళ్లాక బ్యాగులు అప్పగించండి. చేతిలో నోటుబుక్కు, ఫోను, జేబులో కాగితం. ఫోన్ ఫ్లాష్ అక్కడికక్కడే ఆపేయండి. ఫొటోలకి అభ్యంతరం లేదు, ఫ్లాష్‌కే అభ్యంతరం.

## 5. మొదటి గదుల్లో: కుండని చదవడం

లేబుళ్లు చదవడంతో మొదలుపెట్టకండి. ముందు కుండ చూడండి, ఊహించండి, ఆ తర్వాత లేబుల్ చూడండి. ఒక్కో కుండ ముందు ఇదే వరస.

మూతి ఎక్కడుంది? మన కొమ్ముచెంబుకి కొమ్ము పక్కన ఉంటుంది. ఉత్తర తీరపు కుండలకి పైన ఉంటుంది: కుండ భుజాల మీంచి రెండు వైపులా లేచిన గొట్టం విల్లులా వంగి కలుస్తుంది, ఆ కలిసిన చోట నిలువుగా మూతి. కుపిస్నికె, మోచె, చిమూ ముగ్గురూ ఇది చేశారు. కుపిస్నికెలో గొట్టం లావుగా, బరువుగా ఉంటుంది. మోచె తొలి దశల్లో మూతి అంచుకి చిన్న పెదవి ఉంటుంది, పోను పోను అది పోతుంది. చిమూలో మూతి మొదట్లో చిన్న కోతి బొమ్మ కూర్చుని ఉందేమో వెతకండి. దక్షిణాన నాస్కా కుండలకి రెండు మూతులు, మధ్యలో వంతెనలాంటి పట్టీ.

రంగు ఎలా వచ్చింది? మోచె అంటే మీగడ రంగు, ఎర్రమట్టి రంగు. నాస్కా అంటే ఒకే కుండ మీద అయిదారు రంగులు, కొన్నిటి మీద పదికి పైగా. కాల్చకముందే రంగుమట్టి పూతలుగా పూసి మెరుగు పెట్టేవారు. చిమూ అంటే నల్లగా నిగనిగ. అది రంగు కాదు. ఆవంలో గాలి బిగించి, పొగలో కాల్చడం వల్ల మట్టి నల్లబడుతుంది. చాన్‌కాయ్ అయితే తెల్లటి పూత మీద నల్లగీతలు, కొంచెం గరుకు.

అచ్చు పోశారా, చేత్తో చేశారా? మోచెవాళ్లు అచ్చులు బాగా వాడారు. పక్కకి వంగి చూస్తే కొన్నిటి మీద రెండు సగాలు అతికిన గీత కనబడుతుంది. కుమ్మరి సారె వీళ్లెవరికీ తెలియదు. ఈ మాట గుర్తుంటే ఆ గుండ్రదనం చూసి మరోసారి ఆగుతారు.

అడుగు ఎలా ఉంది? ఇంకాల పెద్ద కుండకి అడుగు కోసుగా ఉంటుంది, పక్కల రెండు చెవులు, ముందు ఒక చిన్న బుడిపె. తాడుతో వీపున కట్టుకుని మోయడానికి ఆ ఏర్పాటు. ఒంటిమీద బొమ్మలు తక్కువ, లెక్క ప్రకారం గీసిన ఆకారాలు ఎక్కువ.

మోచెవాళ్ల ముఖాల కుండల దగ్గర మాత్రం ఈ ప్రశ్నలు పక్కన పెట్టండి. ఒక్కో తల ఒక్కో మనిషి. ఒకడు నవ్వుతున్నాడు, ఇంకొకడికి పెదవి మీద గాటు, మరొకడు దేనికో విసుక్కుంటున్నాడు. ఒక ముఖం ఎంచుకుని పది నిమిషాలు నోటుబుక్కులో గీయండి. బొమ్మ ఎంత వంకరగా వచ్చినా సరే, గీసే చెయ్యే కంటిని ఆపుతుంది. ఫొటో తీస్తే పది సెకన్లలో పక్కకి జరిగిపోతారు.

## 6. బట్టలు, ముళ్లు

ఇక్కడికి వచ్చేసరికి జనం వేగం పెంచుతారు. మీరు తగ్గించండి.

బట్టల గది చీకటిగా ఉంటుంది. వెలుగు తగిలితే రంగు పోతుంది గనుక అలా ఉంచుతారు. కళ్లు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఊరికే నిలబడండి. అక్కడి ఒక పాత ముక్కలో అంగుళానికి 398 దారాలు ఉన్నాయని చెబుతారు. పోచంపల్లి, గద్వాల నేత తెలిసినవాళ్లు వెంట ఉంటే ఆ అంకె విని మీకంటే ముందు వాళ్లే ఆగిపోతారు. పత్తి తీరానిది, ఉన్ని కొండమీది ల్యామా, అల్పాకా అనే ఒంటె జాతి జంతువులది. ఒకే బట్టలో రెండూ ఉంటే ఆ రెండు ప్రాంతాల మధ్య రాకపోకలున్నాయని అర్థం.

తర్వాత కీపూ. ఒక లావుపాటి తాడు, దానికి వేలాడే సన్నతాళ్లు, వాటినిండా ముళ్లు. ఇంకాలు లెక్కలు ఇలా పెట్టుకున్నారు. చదవడం ఇలా:

1. ఒక వేలాడే తాడు ఎంచుకోండి. ప్రధాన తాడు దగ్గర నుంచి కిందికి చూడండి.
2. ముళ్లు గుంపులు గుంపులుగా ఉంటాయి. పై గుంపు పెద్ద స్థానం (వందలు, వేలు), అన్నిటికంటే కిందిది ఒకట్లు.
3. పదులు, వందల దగ్గర మామూలు ముళ్లు. ఎన్ని ముళ్లుంటే అంత అంకె.
4. ఒకట్ల దగ్గర పొడుగు ముడి. లోపల ఎన్ని చుట్లుంటే అంత అంకె. ఒకటికి అలాంటి ముడి పడదు కాబట్టి దానికి 8 ఆకారపు ముడి.
5. గుంపు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటే అది సున్నా.

పైన రెండు ముళ్లు, మధ్యలో ఖాళీ, కింద అయిదు చుట్ల ముడి ఉంటే 205. పిల్లలకి ఇది చెబితే అద్దానికి అతుక్కుపోతారు. అన్ని కీపూలూ ఇలా అంకెలకి లొంగవు. లొంగని వాటి గురించి పరిశోధకులు ఇంకా తలలు పట్టుకుంటున్నారు. మీది లొంగకపోతే పక్క తాడుకి వెళ్లండి.

## 7. బంగారం, బలి

గ్యాలరీల్లో బంగారం గది చివరికి ఉంచండి. ముందే చూస్తే మట్టి వెలవెలబోతుంది. చిమూ ప్రభువు ధరించిన పూర్తి బంగారు అలంకారం ఇక్కడ ఉంది: కిరీటం, ఛాతీ కవచం, భుజాల పట్టీలు, చెవులవి.

రెండు సంగతులు గమనించండి. ఒకటి, బంగారంలా కనిపించేదంతా బంగారం కాదు. బంగారం, రాగి కలిపి కరిగించి, పైపొరలోని రాగిని పులుపు రసాయనాలతో తొలగించి పసుపుదనం తేలేలా చేసినవి చాలా ఉన్నాయి. పచ్చగా చిలుమెక్కిన చోటు కనబడితే అడుగున రాగి ఉన్నట్టే. రెండు, ఎర్ర-నారింజ రంగు గవ్వ ముక్కలు. అది స్పాండిలస్ అనే గవ్వ, వెచ్చటి నీళ్లున్న ఈక్వడార్ వైపు నుంచి వచ్చేది. ఈ మనుషుల లెక్కలో దాని విలువ బంగారానికి తీసిపోదు.

మోచె బలి దృశ్యాలు కూడా ఉన్నాయి: పోరులో ఓడినవాడి మెడకి తాడు, ఆ తర్వాత గొంతు కోయడం, నెత్తురు పాత్రలో పట్టి పూజారికి అందించడం. చిన్నపిల్లలుంటే ముందే ఒకసారి మీరు చూసి రండి.

## 8. డిపో గదిలో పరీక్ష

అందరూ వదిలేసి కాఫీకి వెళ్లిపోయేది ఇక్కడే. నేలనుంచి పైకప్పు దాకా అద్దాల బీరువాలు, వాటినిండా వేల కుండలు. ముఖాలు ఒకచోట, జంతువులు ఒకచోట, మొక్కలు ఒకచోట, ఇలా వర్గాలుగా సర్ది ఉంటాయి. గ్యాలరీలో ఉన్నట్టు వివరణలు ఉండవు. అందుకే పరీక్షకి సరిపోతుంది.

- ఒక అర ముందు నిలబడి అయిదు కుండలు ఎంచుకోండి. ఎవరివో చెప్పండి. మూతి, రంగు, అచ్చు గీత, అడుగు, ఇదే వరస.
- తడబడితే జేబులో కాగితం, ఫోన్‌లో గ్యాలరీ ఫొటోలు చూసుకోండి.
- పిల్లలకి వేట: గుడ్లగూబ, కప్ప, నక్క, సముద్ర సింహం, ల్యామా. ముందు కనిపెట్టినవాళ్లకి ఐస్‌క్రీమ్.
- పెద్దలకి వంటింటి వేట: మొక్కజొన్న, బంగాళదుంప, వేరుశనగ, కర్రపెండలం, మిరప. ఇవన్నీ అమెరికా ఖండాల నుంచే మనకి చేరాయి. మోచె కుమ్మరులు వీటిలో చాలావాటిని కుండలుగా మలిచారు.

గుంటూరు మిరపకాయ ఇంటి పెద్దవాళ్లకి ఈ చివరి వేట బాగా నచ్చుతుంది. గ్యాలరీలో విసుగు పడ్డ అత్తగారు ఇక్కడ ముందుండి నడుస్తారు.

## 9. ఎరోటిక్ గ్యాలరీ: కుటుంబంతో వెళ్తే

ఇది విడిగా, తోట పక్కన ఉంటుంది. ప్రధాన గ్యాలరీల దారిలో తగలదు కనుక వద్దనుకున్నవాళ్లకి ఇబ్బంది లేదు. చాలావరకు మోచె కుండలే. సంభోగం, ప్రసవం, అస్థిపంజరాల సరసం కూడా ఉంటాయి. వాటిని పుట్టుక, చావు, పంట చుట్టూ ఉన్న ఆలోచనగా అక్కడ వివరించారు. అమ్మానాన్నలతో వచ్చినవాళ్లు ముందే మాట అనుకోండి: ఎవరెవరు వెళ్తారు, మిగిలినవాళ్లు తోటలో ఎక్కడ కూర్చుంటారు.

## 10. తిండి

తోటలోని కాఫీ హోటల్ బాగుంటుంది, కాస్త ఖరీదు. శాకాహారులకి జాగ్రత్త: "శాకాహారం" అంటే కోడి, చేప కూడా ఉండకూడదని ప్రతిచోటా అనుకోరు. "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పండి. మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు అని. సూపులో కోడిరసం ఉందేమో విడిగా అడగండి. కుళాయి నీళ్లు తాగకండి.

## 11. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దడం

ప్రతి లేబుల్ చదవడం. నలభై నిమిషాల్లో బుర్ర నిండిపోతుంది. గదికి మూడు వస్తువులు చాలు. మిగతావి చూస్తూ దాటండి.

మొదటి గదిలోనే గంట గడపడం. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. డిపోకి కనీసం నలభై నిమిషాలు మిగలాలి.

అద్దంలో మీ ముఖమే పడే ఫొటోలు. లెన్సుని అద్దానికి దాదాపు ఆనించినంత దగ్గర పెట్టి, కొంచెం ఏటవాలుగా తీయండి. ముదురు రంగు చొక్కా వేసుకోండి.

లేబుల్ ఫొటో తీయకపోవడం. కుండ ఫొటో, వెంటనే దాని లేబుల్ ఫొటో. లేకపోతే రాత్రి హోటల్లో ఏది ఎవరిదో తేలదు.

గుంపుగా కదలడం. ఎనిమిది మంది ఒక అద్దం ముందు నిలబడితే ఎవరికీ ఏమీ కనబడదు. ఇద్దరిద్దరుగా విడిపోయి డిపో దగ్గర కలుసుకోండి.

బయట "అసలైన పురాతన కుండ" కొనడం. అసలుదైతే పెరూ చట్టప్రకారం దేశం దాటించడం నేరం. నకిలీదైతే డబ్బు దండగ. నకలు కావాలంటే దుకాణంలో నకలు అనే అడిగి కొనండి, రసీదు మీద ఆ మాట రాయించుకుని చేతిసామానులో పెట్టుకోండి.

## 12. గంటన్నరే ఉంటే

మొదటి గదుల్లో అరగంట: ముఖాల కుండలు, ఒక నాస్కా, ఒక చిమూ. కీపూ దగ్గర పది నిమిషాలు. బంగారం పది నిమిషాలు. మిగిలినదంతా డిపోకే. బట్టలు వదిలేయాల్సి రావడం బాధే, కానీ తొందరలో చూసే బట్ట కంటికి ఆనదు.

లిమాలో అసలు ఆగకుండా కుస్కో వెళ్లిపోయేవాళ్లు అక్కడి మ్యూసెయో దె ఆర్తె ప్రెకొలొంబీనో చూడండి. లార్కో సంగ్రహంలోని వస్తువులే కొన్ని అక్కడ పెట్టారు. డిపో గది మాత్రం ఉండదు. ఎత్తుకి అలవాటు పడేందుకు ఎలాగూ మొదటి రోజు విశ్రాంతిగా గడపాలి, ఆ సాయంత్రం దీనికి సరిపోతుంది.